నాలుగో పాదంలో కొసమెరుపు

రోజూ ఒక కవిత రాయడం ఎలా అలవాటు చేసుకోవాలండీ అని అడగడానికి నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, అలవాటు చేసుకోవడం ఏమంత కష్టం కాదు, దాన్నుంచి బయటపడడం ఎలాగో అడగండి అంటాను. నవ్వుతారు. నేను ఏమన్నా జనం నవ్వుతారు. నా ఉద్యోగం నాకు మిగిల్చింది అదొక్కటే.

గుంటూరు నుంచి వెలువడే ఒక దినపత్రిక జిల్లా అనుబంధంలో, మొదటి పేజీ అడుగున కుడివైపు మూలన, రోజూ నాలుగు పాదాల పద్యం వచ్చేది. పైన 'మిరపగింజ' అని శీర్షిక. కింద రాసినవాళ్ళ పేరు ఉండదు. తొంభైల చివర్లో అది మొదలైన రోజు నుంచి నేను రిటైరైన రోజు దాకా రాసింది నేనే. జీతం తీసుకున్నది సబ్ ఎడిటర్‌గా. ఆ ఉద్యోగంలో ఎవరికి ఏ హోదా ఎప్పుడొచ్చిందో రాస్తే నాకే ఆవలింతలు వస్తాయి. రోజూ కవిత్వం రాయడం అనే పని నిజంగా ఎలా ఉంటుందో, అది మనిషి చేతిని ఏం చేస్తుందో మాత్రం చెబుతాను. ఈ పనిలోకి దిగబోయేవాళ్ళకి ముచ్చటగా ఉండే సంగతులు ఇందులో తక్కువ.

ఇన్‌ఛార్జి గారి పాఠం

మా డెస్క్ ఇన్‌ఛార్జి సత్యమూర్తి గారు. నేను అప్పటికి ప్రూఫులు దిద్దుతున్నాను. ఖాళీ ఉన్నప్పుడల్లా ప్రూఫు కాగితాల వెనక పద్యాలు గిలుకుతానని ఎవరో చెబితే పిలిచారు.

"ఆటవెలది వచ్చామ్మా?"

"వచ్చండి."

"ఏ రోజు వార్త మీద ఆ రోజు పద్యం. సాయంత్రం నాలుగింటికి నా టేబుల్ మీద ఉండాలి. మీకు మూడ్ వచ్చిందా లేదా అని నేను అడగను, మీరు చెప్పొద్దు."

మొదటి పద్యంలో మిరపకాయని ఎర్రబంగారం అన్నాను. ఆయన ఆ మాట కొట్టేశారు. "బంగారం ఎవరికమ్మా? కొన్నవాడికా, అమ్మినవాడికా? ఏ యార్డు, ఏ కాయ, ఎవరు తిట్టుకుంటూ ఇంటికి పోతున్నారు, అది రాయండి. నాలుగో పాదంలో కొసమెరుపు ఉండాలి. మెరుపు లేకపోతే అది పద్యం కాదు, ఫిర్యాదు."

ఆ పాఠంలో సగం నిజం. వస్తువు పేరు పెట్టి చెప్పమన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ విషయంలో ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెడతాను. మిగతా సగమే నన్ను తినేసింది. ఆ రోజు నాకది తెలియలేదు. నా పద్యం అచ్చులో పడుతుందన్న సంబరంలో ఉన్నాను.

నిజమైన పరీక్ష మాత్రం ఆయన టేబుల్ దగ్గర జరిగేది కాదు, మా అక్క చేలో జరిగేది. మా అక్క సరోజిని, బావ సత్తెనపల్లి అవతల ఒక ఊళ్ళో పత్తి, మిరప వేసేవాళ్ళు. మొదటి బస్సుకి పేపరు వచ్చేది. అక్క దాన్ని నడుముకి దోపుకుని చేలోకి వెళ్ళి, కోతకొచ్చిన ఆడవాళ్ళకి చదివి వినిపించేది. ఆదివారం నాకు సెలవు, సోమవారం పేపర్లో పద్యం ఉండదు. అందుకని ఆదివారాలు నేను ఆ ఊరు వెళ్ళేదాన్ని. నేను కాళ్ళు కడుక్కోకముందే తీర్పు వచ్చేది.

"మంగళవారంది బాగుందే. ఆ చివర మాటకి మా ఆడాళ్ళు పడీ పడీ నవ్వారు. గురువారంది మటుకు చప్పగా ఉంది. రాస్తా రాస్తా నిద్రపోయావా ఏంటి?"

నా జీవితంలో నాకు దొరికిన విమర్శకురాలు ఆమె ఒక్కతే. తర్వాత సభల్లో శాలువాలు కప్పినవాళ్ళు ఎవరూ ఏ రోజు పద్యం చప్పగా ఉందో చెప్పలేదు. వాళ్ళు చదవలేదు కాబట్టి చెప్పలేదు.

నిలవ పద్యాలు

రోజూ రాసేవాళ్ళందరూ ఒక దొంగదారి కనిపెడతారు. ముందే కొన్ని రాసి దాచుకోవడం. మేము వాటిని నిలవ పద్యాలు అనేవాళ్ళం. నేనూ దాచాను. చీరాలలో చుట్టాల పెళ్ళికని సెలవు పెట్టి, కొన్ని పద్యాలు సత్యమూర్తి గారికి ఇచ్చి వెళ్ళాను. అందులో ఒకటి వానని పిలుస్తూ రాసింది. ఎండాకాలం ముదిరాక వేసుకోవడానికని పెట్టుకున్నది.

నేను పెళ్ళిలో ఉండగా అకాల వర్షం పడింది. ఊరూరా కళ్ళాల్లో ఎండబోసిన మిరపకాయ తడిసిపోయింది. తడిసిన కాయ రంగు పోయి తాలు కాయ కింద లెక్క, దాన్ని యార్డులో ఎవరూ ముట్టుకోరు. మర్నాడు పేపర్లో పైన తడిసిన కళ్ళాల ఫొటో, కింద మూలన వానమ్మా రావమ్మా అని నా పద్యం. ఇన్‌ఛార్జి గారు పై కాగితం తీసి కంపోజింగుకి పంపించారు, కిటికీలోంచి బయటికి చూడలేదు.

ఆఫీసుకి ఫోన్లే ఫోన్లు. ఆ ఆదివారం అక్క గుమ్మంలోనే పట్టుకుంది. "ఏమే, వానని నువ్వే పిలిచావంటగా? మా కళ్ళంలోకి వచ్చి పిలిస్తే నీ చేతే కాయ మీద పట్టాలు కూడా కప్పించేవాళ్ళం." అంటూనే అన్నం పెట్టింది. వాళ్ళ కాయ కూడా తడిసింది, ఆ మాట బావ చెబితే తెలిసింది.

ఆ తర్వాత నిలవ పద్యాలు వద్దన్నారు సత్యమూర్తి గారు. వద్దనకపోయినా నేనే మానేసేదాన్ని. ఏ రోజు పద్యం ఆ రోజు ఆఫీసులో కూర్చుని, వచ్చిన వార్తలు చదివి, అప్పటికప్పుడు రాయాలి. ఆదివారం తప్ప సెలవన్న మాట లేదు. జ్వరమొస్తే మాత్ర వేసుకుని వెళ్ళి రాశాను. అమ్మ తద్దినానికి పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చి రాశాను. ఒక్క నాగా లేదని డెస్కులో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. నేనూ చెప్పుకున్నాను. అక్క అయితే ఊళ్ళో డప్పు కొట్టింది. "మా చెల్లెలు రాయకపోతే వాళ్ళకి పేపరే రాదు" అనేది. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, వినడానికి బాగుంది మరి.

ఆటవెలది పోయిన రోజు

కొన్నేళ్ళకి పేపరు ముస్తాబు మారింది. రంగులొచ్చాయి. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన, ఛందస్సు కుర్రాళ్ళకి ఎక్కదు, ఫ్రీగా రాయించండి అన్నాడు. సత్యమూర్తి గారు మారుమాట్లాడకుండా తలూపారు. నేను ఏడ్చాను. ఆటవెలది లేకపోతే ఏం రాస్తానని భయపడ్డాను.

తీరా రాస్తే అదీ వచ్చింది. యార్డులో ధర పడిపోయినప్పుడు రాసిన ఒకటి చాలామంది కత్తిరించి దాచుకున్నారు.

*యార్డులో కాయ ఘాటు*
*ఢిల్లీ దాకా వెళ్ళిందట.*
*పండించినవాడి కంటి నీళ్ళు*
*ఆ ఘాటు వల్లేనని రిపోర్టు వచ్చిందట.*

కొత్తగా రాయబోయేవాళ్ళకి ఇక్కడ ఒక మాట. పద్యం మానేసి వచనంలోకి వస్తే అభ్యాసం మారిందనుకుంటారు. మారదు. నేను గణాలు వదిలేశాను గానీ, నాలుగో పాదం దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే మెలి తిరిగేది. ఏది చూసినా మూడు మాటల్లో చెప్పి నాలుగో మాటతో గిల్లడమే. పక్కింటావిడ కొడుకు ఉద్యోగం పోయిందని చెప్పుకుని ఏడుస్తుంటే నా మనసులో కొసమెరుపు తయారవుతూ ఉండేది. ఇది జబ్బు. దీనికి మందు ఎవరూ చెప్పరు, ఎందుకంటే బయటివాళ్ళకి ఇది చమత్కారంలా కనిపిస్తుంది.

అక్క మీద నాలుగు పాదాలు

అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. ఆ ఏడు మిరపనారు పోసి గుంటూరు ఆసుపత్రికి వచ్చింది. ఆఫీసు నుంచి రోజూ వెళ్ళి చూసేదాన్ని. "నారు ఎదిగేసరికి ఇంటికెళ్ళిపోతా, నాటేటప్పుడు నేను లేకపోతే మీ బావ వంకరటింకరగా నాటిస్తాడు" అనేది. కొన్నాళ్ళకి డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. తీసుకెళ్ళారు. ఆదివారం వెళ్ళి చూసి, మళ్ళీ ఆదివారం వస్తానని చెప్పి వచ్చాను. శుక్రవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను వెళ్ళేసరికి అయిపోయింది.

పెద్దకర్మ అయ్యాక ఆఫీసుకి వెళ్ళాను. వార్తలు ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్కటీ బుర్రకి ఎక్కలేదు. అక్క తప్ప ఇంకేదీ రాయలేనని తెలిసింది. ఆ రోజు ఇలా రాసి ఇచ్చాను.

*నారు పోసి వెళ్ళింది మా అక్క.*
*నాటే రోజుకి వస్తానంది.*
*నారు ఎదిగింది.*
*నాటే రోజు వచ్చింది.*

ఆ మూలలో గిల్లుడు లేకుండా నేను రాసిన పద్యం అదొక్కటే. ఇచ్చేసి ఇంటికి వెళ్ళి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను. పొద్దున పేపరు తీశాను. నాలుగో పాదం మారింది. 'నాటే రోజు వచ్చింది' తీసేసి, 'నీళ్ళకి కరెంటే రాలేదు' అని వేశారు. అప్పట్లో చేలకి కరెంటు కోత మీద ఊళ్ళన్నీ మండిపోతున్నాయి. మా అక్క చావు కరెంటు జోకైపోయింది.

సత్యమూర్తి గారు వచ్చేదాకా మెట్ల దగ్గరే నిలబడ్డాను.

"అది మా అక్కండీ" అన్నాను.

"తెలుసమ్మా. అందుకే కాస్త తేలిక చేశాను. ఆ మూలకి జనం నవ్వడానికి వస్తారు. ఏడిపిస్తే రేపు రారు. మీది బాగుంది, కాదనను. కానీ కొసమెరుపేదీ?"

ఆయన క్రూరుడు కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. క్రూరుడైతే ద్వేషించి ఊరుకునేదాన్ని. నా మేలు కోరే ఆ పని చేశానని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. ఎవరి పద్యంలోనైనా మాట మార్చేముందు వాళ్ళని అడగడం అనేది ఆయనకి నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరూ నేర్పలేదు. నేను ఈ పనిలో ఉన్నన్నాళ్ళూ చూసిన ఇన్‌ఛార్జిల్లో చాలామంది అంతే.

ఊళ్ళో టీకొట్టు దగ్గర ఎవరో బావతో, "మీ మరదలు కరెంటోళ్ళకి భలే వాత పెట్టిందయ్యా" అన్నారట. ఆదివారం నేను వెళ్ళేసరికి బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"ఆఖరి మాట నేను రాయలేదు బావా, మా ఇన్‌ఛార్జి మార్చాడు" అన్నాను.

"రాసేది నువ్వని ఊరందరికీ తెలుసు. మార్చింది ఎవరో ఎవరికి తెలుసు?" అన్నాడు.

ఆ తర్వాత ఆ ఇంటికి నా ఆదివారాలు ఆగిపోయాయి.

ఉద్యోగం మానెయ్యాల్సింది అంటారు కొందరు. చెప్పడం తేలిక. నాకు ఇంకో పని రాదు. మర్నాడు మునిసిపాలిటీ కుళాయిల మీద రాశాను, చాలా బాగుందన్నారు.

బస్సులో

అప్పటి నుంచి ఒకటే పట్టుదల. అక్క మీద ఒక్క కవిత, గిల్లుడు లేకుండా, ఎవరూ చెయ్యి పెట్టకుండా రాయాలి. ఇది మీకు చిన్న విషయంగా కనిపించొచ్చు. నాకు మాత్రం అది రాయకుండా చచ్చిపోతే నేను కవిని కాదు, పేపరు మూల నింపేదాన్ని, అంతే.

పొద్దున్నే లేచి రాద్దామని కూర్చున్నాను. అక్క నవ్వు గురించి మొదలుపెడితే నాలుగో లైనులో అక్కే జోకు వేసేది. కొట్టేశాను. మూడు లైన్లకే ఆపేద్దామని నియమం పెట్టుకున్నాను. మూడోదే మెరవడం మొదలుపెట్టింది. పొడుగ్గా రాశాను, ప్రతి నాలుగో లైనూ గిల్లింది. నెలలు గడిచాయి, ఏళ్ళు గడిచాయి. ఇంటి దగ్గర బల్ల ముందు కూర్చుంటే నాకు ఆఫీసు చెయ్యే వచ్చేదని ఆలస్యంగా తెలిసింది.

అప్పుడు మంగళగిరిలో ఉండేవాళ్ళం. గుంటూరుకి రోజూ బస్సు. సీటు దొరికిన రోజున ఒళ్ళో కాగితం పెట్టుకుని, అక్క గురించి గుర్తొచ్చిన ఒక్క సంగతి రాసేదాన్ని. బస్సు కుదుపులకి అక్షరాలు ఎగిరిపోయేవి, మాటని సానబెట్టడానికి వీలయ్యేది కాదు. స్టాపు వస్తే ఎక్కడున్నది అక్కడ ఆపి దిగాల్సిందే. ముగింపు అనేది నా చేతిలో లేకుండా పోయింది. అదే నన్ను బాగుచేసింది. దిగేటప్పుడు ఆగిపోయిన లైన్లు తర్వాత చదువుకుంటే ఎక్కడా మెరుపు లేదు, అక్క ఉంది.

అభ్యాసం మార్చుకోవాలంటే చోటు మార్చండి అని నేను చెప్పేది ఇందుకే. మనసు మార్చుకోవడం మన వల్ల కాదు, సీటు మార్చుకోవడం అవుతుంది. రిటైరయ్యే నాటికి ఆ ముక్కల్లోంచి ఒక కవిత మిగిలింది. దాన్ని ఎవరికీ చూపించలేదు.

ఉగాది సభ

రిటైరైన మరుసటి ఉగాదికి గుంటూరులో ఒక సంఘం వాళ్ళు కవి సమ్మేళనానికి పిలిచారు. ఈ సభల గురించి నా అభిప్రాయం దాచను. పచ్చడి పెడతారు, మామిడిపూత మీదా కోయిల మీదా పాతిక కవితలు చదువుతారు, ఎవరిది వాళ్ళు చదివేసి శాలువా తీసుకుని బస్సెక్కుతారు. అయినా వెళ్ళాను. ముందురోజు బావకి ఫోన్ చేశాను.

"అక్క మీద రాశాను బావా. ఈసారి ఎవరూ ముట్టుకోలేదు. వచ్చి విను."

"ఏ హాలు?" అన్నాడు.

వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన కండువా, వెనక నుంచి మూడో వరసలో చివరి కుర్చీ. సభకి అధ్యక్షులు సత్యమూర్తి గారు. ఆయనా అప్పటికి రిటైరయ్యారు. మైకు తీసుకుని, "మీ అందరికీ మిరపగింజ తెలుసు. ఆ గింజ ఇదిగో, ఈ భారతి గారే. కొసమెరుపు కోసం కాచుకోండి" అన్నారు. హాలంతా చప్పట్లు.

చదివాను. అక్క చేలో పేపరు చదవడం, ఆసుపత్రి, నారుమడి, అన్నీ ఉన్నాయి. హాలు నిశ్శబ్దంగా వింది. చివరి లైన్లు ఇవి.

*మంచం పక్కన చెంబు,*
*చెంబు నిండా నీళ్ళు,*
*చెంబు మీద మూతగా*
*నా పద్యం ఉన్న పేపరు.*

హాలు గొల్లుమని నవ్వింది. నా పద్యం మీద నేనే జోకు వేసుకున్నాననుకున్నారు. అక్క పోయిన రోజున నేను ఆ గదిలోకి వెళ్ళగానే కళ్ళారా చూసింది అది. సత్యమూర్తి గారు చప్పట్లు కొడుతూ, "చూశారా, పదును తగ్గలేదు" అన్నారు. శాలువా కప్పారు. నేను కూడా నమస్కారం పెట్టాను. ఆ క్షణంలో ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు. అన్నేళ్ళు నేనే వాళ్ళకి నవ్వడం నేర్పాను, ఇక వాళ్ళని ఏమని తిట్టను?

బావ లేచి బయటికి వెళ్ళడం కనిపించింది. శాలువా కుర్చీ మీద పడేసి వెనకే వెళ్ళాను. వరండాలో చెప్పులు వేసుకుంటున్నాడు.

"వాళ్ళు నవ్వుతారని అనుకోలేదు బావా" అన్నాను.

"వాళ్ళని వదిలెయ్. నువ్వు బాగానే రాశావు" అన్నాడు. ఆయన నాతో అంత మెత్తగా మాట్లాడి చాలా ఏళ్ళయింది. రెండో చెప్పు వేసుకుంటూ, "ఆ పేపరు చెంబు మీద పెట్టింది నేను. ముందురోజు దాన్ని రెండుసార్లు చదివించుకుంది మీ అక్క. చదివాక నీళ్ళల్లో దుమ్ము పడుద్దని నేనే కప్పా" అన్నాడు.

"రెండుసార్లా?" అన్నాను.

"మంగళవారం నుంచీ నిన్ను చూడాలంటానే ఉంది. ఫోన్ చేస్తానే అంటే వద్దంది. అదొచ్చి ఇక్కడ కూర్చుంటే పద్యం ఆగిపోద్ది, ఆదివారం ఎటూ వచ్చుద్దిగా అంది. సరేలే అని నేనూ ఊరుకున్నా." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పద్యం ఒకరోజు ఆగితే ఏమయ్యేది భారతీ?"

దెప్పడానికి అడగలేదు. తెలియకే అడిగాడు.

"ఏమీ అయ్యేది కాదు బావా. అక్క పోయాక పెద్దకర్మ దాకా నేను రాయలేదుగా. ఆ మూలన బోరు మోటార్ల ప్రకటన వేసుకున్నారు. పద్యం ఏదని ఒక్కరూ అడగలేదు" అన్నాను.